ఆకు కొరికితే పుట్టే వాసన: పత్తి, మక్క, మిర్చి చేలల్లో దానితో ఏం చేయగలం?

పశువులకు పచ్చగడ్డి కోసేటప్పుడు గుప్పుమనే వాసన పల్లెలో పెరిగినవాళ్లందరికీ తెలుసు. ఆ వాసన గడ్డిలో ముందునుంచీ నిలవ ఉన్నది కాదు. కొడవలి తగిలి కణాల పొరలు తెగిన మరుక్షణం పుట్టేది. ఆ పొరల్లో లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం ఉంటుంది. ఆకులోని ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి. అప్పుడు ఆరేసి కర్బన పరమాణువులున్న తేలికపాటి పదార్థాలు, హెక్సెనాల్, హెక్సెనల్ వంటివి, గాలిలో కలుస్తాయి. పత్తి ఆకును లద్దె పురుగు కొరికినా, మక్క సుడిలో పురుగు దూరి గీకినా మొదట జరిగేది ఇదే.

ఈ వాసన వృథాగా పోదు. అదే మొక్కలోని మిగతా కొమ్మలకు, పక్క మొక్కకు, పురుగును వేటాడే మరో పురుగుకు అది సమాచారం. నలభై ఏళ్లుగా సాగుతున్న పరిశోధన తేల్చిన సంగతి ఇది. ఆ సమాచారాన్ని మనమే ముందుగా అందించి, పురుగు రాకముందే పైరును సిద్ధం చేయవచ్చా అన్నది ఇప్పటి ప్రశ్న.

వరంగల్ చుట్టుపక్కల రైతుకు ఇది ఎక్కడో ప్రయోగశాలలో తేలాల్సిన ముచ్చట కాదు. 1997-98లో పత్తి మీద లద్దె పురుగు, పచ్చపురుగు విరుచుకుపడ్డాయి. ఎన్నిసార్లు కొట్టినా మందులకు లొంగలేదు. పంట పోయి, మందుల దుకాణంలో అప్పు మిగిలి, రైతులు అదే పురుగుమందు తాగి చనిపోయిన సీజన్ అది. 2002లో, కాయతొలుచు పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి వచ్చింది. పదిహేనేళ్లు తిరగకుండానే గులాబి రంగు పురుగు దాన్నీ తట్టుకుంది. 2018లో మక్కకు కత్తెర పురుగు దాపురించింది. 2021 చివర్లో నల్ల తామర పురుగు మహబూబాబాద్, ములుగు, వరంగల్ మిర్చి తోటల్లో పూత మీద పడి చెట్లను మోడు చేసింది. ప్రతిసారీ దొరికిన జవాబు ఒకటే: కొత్త మందు, ఇంకో మోతాదు. పైరుకు సొంతంగా ఉన్న రక్షణ శక్తిని లెక్కలోకి తీసుకున్న సందర్భాలు చాలా తక్కువ.

వాసన సంకేతాల శాస్త్రం ఆ లోటును కొంత పూడ్చగలదు. అయితే అది సీసాలో వచ్చే మరో మందుగా వస్తే ఉత్తర తెలంగాణకు ఒరిగేది పెద్దగా ఉండదు. విత్తనం, చేను గట్టు, మందు కొట్టే అలవాటు, ఈ మూడూ మారిన చోటే ఆ వాసనకు విలువ. ఎందుకో తెలియాలంటే ఆ సంకేతం ఎలా పనిచేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి.

సంకేతం పుట్టేది, అందేది

1983లో ఇయాన్ బాల్డ్విన్, జాక్ షుల్ట్జ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు పాప్లర్, మేపుల్ మొక్కల మీద చేసిన ప్రయోగాన్ని సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఆకులు చింపిన మొక్కలు ఉన్న గదిలోనే ఉంచిన, ఏ దెబ్బా తగలని మొక్కల ఆకుల్లో కూడా రక్షణ రసాయనాలు పెరిగాయని వాళ్ల వాదన. పత్రికలు "మాట్లాడే చెట్లు" అని రాశాయి. తోటి శాస్త్రవేత్తలు మాత్రం లెక్కల్లో లోపాలు పట్టుకున్నారు. ఆ విమర్శ మేలే చేసింది, తర్వాతి ప్రయోగాలు గట్టిగా జరిగాయి. 1990లో ఫార్మర్, రయాన్ అనే శాస్త్రవేత్తలు, సేజ్‌బ్రష్ అనే పొద నుంచి వెలువడే మిథైల్ జాస్మోనేట్ అనే వాసన పదార్థం తగిలితే పక్కనున్న టమాట మొక్కల్లో పురుగు జీర్ణశక్తిని దెబ్బతీసే ప్రోటీన్లు తయారవుతాయని చూపారు. అదే ఏడాది టర్లింగ్స్, టమ్లిన్‌సన్, లూయిస్ మరో మెట్టు ఎక్కారు. లద్దె పురుగు జాతి గొంగళి పురుగు తిన్న మక్క మొక్క వెలువరించే వాసన పట్టుకుని ఒక చిన్న పరాన్న కందిరీగ ఎగిరి వచ్చి ఆ పురుగు ఒంట్లో గుడ్లు పెడుతుందని నిరూపించారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కత్తెరతో కత్తిరించిన ఆకు, పురుగు తిన్న ఆకు ఒకే వాసన ఇవ్వవు. మొదటి క్షణాల పచ్చి వాసన రెండింటికీ ఒకటే. కొన్ని గంటలు గడిచాక తేడా తెలుస్తుంది. పురుగు లాలాజలంలోని వోలిసిటిన్ అనే పదార్థం మక్క ఆకుకు తగిలితే అది కొత్తగా టెర్పీన్ వర్గపు పదార్థాలను, ఇండోల్‌ను తయారుచేసి వదులుతుందని 1997లో తేలింది. పైగా ఏ పురుగు తింటే ఆ పురుగుకు తగ్గట్టు మిశ్రమం మారుతుంది. 1998లో పొగాకు, పత్తి, మక్క మొక్కల మీద జరిగిన పరిశోధనలో, దగ్గరి చుట్టాలైన రెండు శనగపురుగు జాతుల్లో ఏది ఆకు తింటోందో మొక్క వాసనను బట్టే ఒక పరాన్న కందిరీగ పోల్చుకుంది. అది గుడ్లు పెట్టగలిగేది ఆ రెండింటిలో ఒకదానిలోనే. కందిరీగకు ఇది కడుపు నింపే సమాచారం, అందుకే అంత సూక్ష్మంగా నేర్చుకుంటుంది.

పక్క మొక్క తీరు వేరు. వాసన అందగానే అది తన రక్షణ రసాయనాలన్నీ తయారుచేసి కూర్చోదు. అలా చేస్తే దానికే నష్టం. ఎదుగుదలకు పోవాల్సిన శక్తి రక్షణకు పోతుంది. పురుగు లేనప్పుడు మిథైల్ జాస్మోనేట్‌తో రక్షణను మేల్కొలిపిన అడవి పొగాకు మొక్కలు తక్కువ గింజలు కట్టాయని బాల్డ్విన్ 1998లో చూపారు. అందుకని చాలా మొక్కలు ఒక మధ్య మార్గం పట్టాయి. వాసన అందితే సన్నద్ధంగా ఉంటాయి. నిజంగా పురుగు పడ్డాక మామూలు మొక్క కంటే వేగంగా, బలంగా స్పందిస్తాయి. మక్కలో పచ్చి వాసన ద్రవ్యాలు ఈ పని చేస్తాయని 2004లో, ఇండోల్ చేస్తుందని 2015లో తేలింది. ఊళ్లో డప్పు చాటింపు విన్న ఇంటివాళ్లు పనులన్నీ మానుకుని గుమ్మంలో కర్రలు పట్టుకుని నిలబడరు. తలుపు గడియ సరిచూసుకుని పడుకుంటారు. మొక్క చేసేదీ అంతే.

2023లో జపాన్‌లోని సైతామా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ ప్రక్రియను కళ్లకు కట్టారు. హెక్సెనల్ ఆవిరి తగిలిన ఆకు కణాల్లో కాల్షియం ఒక్కసారిగా పెరగడాన్ని వెలుగు రూపంలో చిత్రీకరించారు. ముందుగా స్పందించింది పత్ర రంధ్రాల పక్కనుండే కణాలు. అంటే వాసన ఆకులోకి వెళ్లేది ప్రధానంగా ఆ రంధ్రాల గుండానే. రంధ్రాలు మూసుకున్న వేళ, బెట్టకు వాడిపోయిన పైరు మీద, ఈ సంకేతం అంత బాగా పనిచేయదని దీన్నిబట్టి ఊహించవచ్చు. చెలకల్లో వర్షాధారంగా పండించే పత్తికి ఇది చిన్న విషయం కాదు.

దూరం కూడా చిన్న విషయం కాదు. సేజ్‌బ్రష్ పొదల మీద రిచర్డ్ కార్బన్ ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో పొద నుంచి పొదకు సంకేతం అందింది 60 సెంటీమీటర్ల లోపే. మన పత్తిలో సాలుకు సాలుకు మధ్య 90 సెంటీమీటర్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. వానాకాలం మొదట్లో మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు ఒక సాలు పంపిన వాసన పక్క సాలుకు చేరేలోపు గాలికి చెదిరిపోతుంది. లిమా చిక్కుడు మీద జరిగిన పనిని చూస్తే ఈ వాసన మొదట ఉపయోగపడేది ఆ మొక్కకే అనిపిస్తుంది. కాండం లోపలి నాళాలు అన్ని కొమ్మలనూ సూటిగా కలపవు కాబట్టి దెబ్బతిన్న కొమ్మ తన పక్క కొమ్మకు గాలి ద్వారా కబురు పంపుతుంది. పక్క మొక్క ఆ కబురును అందిపుచ్చుకుంటుంది, అంతే.

పత్తి: మందకొడిగా మారిన మొక్క

పత్తి ఆకును వెలుగుకు పెట్టి చూస్తే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గ్రంథులు. పురుగు కొరకగానే వాటిలో నిలవ ఉన్న పైనీన్, కారియోఫిలీన్ వంటివి వెంటనే బయటపడతాయి. లినలూల్, ఓసిమీన్ వంటివి కొన్ని గంటల తర్వాత కొత్తగా తయారై, పురుగు ముట్టని ఆకుల నుంచి కూడా వెలువడతాయి. ఆకు అడుగున నడి ఈనె మీద తేనె ఊరే గ్రంథి ఒకటుంటుంది. చీమలు, కందిరీగలు దానికోసం వస్తాయి. వచ్చినవి ఊరికే పోవు, కంటబడ్డ పురుగును, గుడ్డును పట్టుకుపోతాయి. సంకేతం, వచ్చినవాళ్లకు ఆతిథ్యం, రెండూ పత్తికి పుట్టుకతో వచ్చినవే.

మరి మన చేలల్లో అది ఎందుకు కనిపించదు? ఒక కారణం విత్తనం. అమెరికాలో సాగు నుంచి తప్పించుకుని అడవిగా పెరుగుతున్న ఒక పత్తి రకాన్ని, మార్కెట్ రకాలను 1990లలో పోల్చి చూశారు. ఒకే పురుగును తినిపిస్తే అడవి పత్తి దాదాపు ఏడు రెట్లు ఎక్కువ వాసన ద్రవ్యాలు వెలువరించింది. దిగుబడి, దూది పొడవు చూసి ఎంపిక చేసుకుంటూ పోయిన మనిషి, వాసన గురించి ఎన్నడూ అడగలేదు. అడగని గుణం తరతరానికీ జారిపోయింది. ఆదిలాబాద్ వైపు ఒకప్పుడు విరివిగా వేసిన దేశవాళీ పత్తి రకాలను ఈ కోణంలో పరీక్షించి చూడటం విలువైన పని. వాటికి పచ్చదోమను తట్టుకునే గుణం ఉందని రైతులకు, శాస్త్రవేత్తలకు ఇద్దరికీ తెలుసు. పురుగు తిన్నప్పుడు వాటి వాసన ఎలా మారుతుందో కూడా కొలవాలి.

రెండో కారణం బీటీ. దీన్ని చాలామంది గమనించలేదు. 2013లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బీటీ మొక్క మీద గొంగళి పురుగు రెండు కొరుకులకే చస్తుంది కాబట్టి ఆ మొక్కలో రక్షణ మేల్కొనేంత గాయం తగలదు. టెర్పీన్ వర్గపు రక్షణ పదార్థాలు తక్కువగా తయారవుతాయి. ఆ అలసత్వం పేనుబంకకు కలిసొస్తుంది. బీటీ వచ్చాక కాయతొలుచు పురుగుల మందు తగ్గినా, పేనుబంక, పచ్చదోమ, తామర పురుగు, తెల్లదోమ కోసం కొట్టే మందులు ఎందుకు పెరుగుతూ పోయాయో దానికి ఇదొక్కటే కారణం కాదు. సంకర విత్తనాల సున్నితత్వం, అధిక యూరియా, పురుగుల్లో పెరిగిన నిరోధకత అంతకంటే పెద్ద కారణాలు. కానీ ఒక పురుగును పూర్తిగా తీసేస్తే మొక్క లోపలి రక్షణ లెక్క మారుతుందన్న ఈ సంగతి మన పత్తి చర్చల్లోకి రావాల్సి ఉంది. పచ్చి వాసన ద్రవ్యాలతో బయటినుంచి సన్నద్ధం చేయడం అనే ఆలోచనకు బీటీ పత్తిలోనే ఎక్కువ అర్థముంది, ఎందుకంటే అక్కడ మొక్కకు లోపలినుంచి హెచ్చరిక అందడం లేదు.

మక్క: గుడ్డు పెట్టగానే పిలిచే రకాలు

కరీంనగర్, జగిత్యాల, వరంగల్ జిల్లాల్లో మక్కకు పాత శత్రువు కాండం తొలుచు పురుగు. ఈ పురుగు మన ఆసియా ఖండానిదే. 1930లలో ఆఫ్రికాకు చేరి అక్కడి మక్కను, జొన్నను పీడించింది. అందుకే ఆఫ్రికాలో దాని మీద జరిగిన పని మనకు సూటిగా పనికొస్తుంది.

నైరోబీలోని ఇసిపె అనే పురుగుల పరిశోధన సంస్థ, ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం కలిసి ఒక విషయం కనిపెట్టి 2011లో ప్రచురించాయి. ఈ పురుగు తల్లి మక్క ఆకు మీద గుడ్లు పెట్టగానే, ఇంకా ఒక్క కొరుకూ పడకముందే, కొన్ని నాటు మక్క రకాలు వాసన మార్చి గుడ్ల మీద బతికే ట్రైకోగ్రామా కందిరీగలను, లార్వాల మీద బతికే కందిరీగలను పిలుస్తాయి. పోల్చి చూసిన సంకర రకానికి ఈ గుణం లేదు. మక్క వేళ్ల విషయంలో కూడా ఇలాంటిదే జరిగింది. వేరు పురుగు తింటే కారియోఫిలీన్ వదిలి నేలలోని మేలు చేసే నులిపురుగులను పిలిచే గుణం ఐరోపా రకాల్లో మిగిలి, ఉత్తర అమెరికా రకాల్లో చాలావరకు పోయింది. 2009లో ఒరెగానో మొక్క జన్యువు చేర్చి ఆ గుణాన్ని తిరిగి తెచ్చినప్పుడు పొలంలో వేరు పురుగు నుంచి వచ్చే పెంకు పురుగులు 60 శాతం తగ్గాయి.

మన దగ్గర ట్రైకోగ్రామా కార్డులను కొని చేనులో తగిలించమని ఏటా సలహా ఇస్తారు. మంచిదే. కానీ ఆ చేనులోని మక్క వాటిని పిలిచే రకమా, మూగ రకమా అని అడిగినవాళ్లు లేరు. వరంగల్, జగిత్యాల పరిశోధన స్థానాలకు పురుగును తట్టుకునే విత్తనం తయారుచేసిన అనుభవం కొత్త కాదు. వరిలో ఉల్లికోడుకు ఈ రెండు చోట్లా వేర్వేరు బయోటైపులు, అంటే ఒకే పురుగులోని వేర్వేరు తెగలు, ఉన్నాయి, అందుకే ఇక్కడి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దానిమీద తలమునకలయ్యారు. ఆ అనుభవానికి మక్క నాటు రకాల గుడ్డు స్పందనను పరీక్షించే పని తోడైతే, సీసాలో కొనే ఏ సంకేతం కన్నా ఎక్కువ కాలం నిలిచేది దొరుకుతుంది.

కత్తెర పురుగు దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఇతర లద్దె పురుగు జాతులతో పోలిస్తే ఈ పురుగు తిన్న మక్క ఆకులు తక్కువ వాసన వెలువరిస్తాయని 2020లో తేలింది. మొక్క అరుపును పురుగే అణచివేస్తోందన్నమాట. అమెరికా ఖండంలో మక్కతోనే కలిసి పెరిగిన పురుగు కాబట్టి దానికి ఆ నేర్పు ఉంది.

ఆఫ్రికా పేరు చెప్పగానే "తోయి, లాగు" పద్ధతి గుర్తుకొస్తుంది. మక్క సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క, చుట్టూ నేపియర్ గడ్డి. డెస్మోడియం వాసనకు పురుగు తల్లి వెనక్కి తిరుగుతుందని, నేపియర్ వాసనకు అటు పోతుందని, నేపియర్‌లో పెట్టిన పిల్లలు దాని జిగటలో చిక్కి చస్తాయని మొదటి వివరణ. 1997 నుంచి జేయావుర్ ఖాన్, జాన్ పికెట్ బృందం దీన్ని రైతుల పొలాల్లోకి తెచ్చింది. కత్తెర పురుగు కూడా ఆ పొలాల్లో తగ్గిందని 2018లో తేలింది. ఇటీవలి పరిశోధన ఒకటి డెస్మోడియం వాసనతో పెద్దగా తరమదని, దాని ఆకుల మీది కొక్కేల్లాంటి నూగు చిన్న లార్వాలను పట్టి చంపుతుందని వాదించింది. కారణం మీద తగవు ఇంకా నడుస్తోంది, ఫలితం మీద కాదు. మన పాడి రైతుల దగ్గర నేపియర్ గడ్డి ఎలాగూ ఉంది. డెస్మోడియం లేదు. పశుగ్రాసంగా ఇక్కడ పెంచే దశరథ గడ్డి పేరు డెస్మాంథస్, అది వేరే మొక్క. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఒకటి వేస్తే ఆ ఫలితం రాదు.

తెల్లదోమ చేసే మోసం

వరిలో ఒక చిన్న హెచ్చరిక ఉంది. వరి మొక్క వెలువరించే లినలూల్ సుడిదోమను దూరం పెడుతుంది, దాని గుడ్లను తినే చిన్న కందిరీగలను రప్పిస్తుంది. కారియోఫిలీన్ మాత్రం కందిరీగలనూ, సుడిదోమనూ కూడా రప్పిస్తుంది. చైనా పొలాల్లో 2012లో తేలిన సంగతి ఇది. వాసన గాలిలోకి వెళ్లాక ఎవరు పసిగట్టాలో మొక్క నిర్ణయించలేదు.

మిర్చికి అసలైన హెచ్చరిక టమాట నుంచి వచ్చింది. 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తెల్లదోమ పట్టిన టమాట మొక్కల వాసనకు గురైన పక్క మొక్కలు సన్నద్ధమయ్యాయి, కానీ తప్పు దారిలో. మొక్కల్లో రెండు ప్రధాన రక్షణ మార్గాలుంటాయి. జాస్మోనిక్ ఆమ్లం మార్గం కొరికే పురుగులకు, తెల్లదోమకు కూడా పనిచేస్తుంది. సాలిసిలిక్ ఆమ్లం మార్గం ప్రధానంగా తెగుళ్లకు. ఒకటి పైకి లేస్తే రెండోది తరచూ అణుగుతుంది. తెల్లదోమ పట్టిన మొక్క వదిలిన వాసన పక్క మొక్కలను తెగుళ్ల మార్గం వైపు మళ్లించింది. జాస్మోనిక్ రక్షణ అణగిపోయింది. ఆ పక్క మొక్కల మీద తెల్లదోమ ఇంకా బాగా పెరిగింది. పురుగు తన వెనక వచ్చే పిల్లల కోసం దారి చదును చేసుకున్నట్టయింది.

ఈ సంగతి వరంగల్, మహబూబాబాద్ మిర్చి రైతులు తప్పక గుర్తుపెట్టుకోవాలి. బొబ్బర రోగాన్ని మోసేది తెల్లదోమే. చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని ధర దాని రంగు మీద, కాయ తీరు మీద నిలిచి ఉంటుంది. అలాంటి తోటలో మిథైల్ సాలిసిలేట్ వంటి సాలిసిలిక్ వర్గపు పదార్థాన్ని "మిత్ర పురుగులను పిలుస్తుంది" అన్న మాట నమ్మి విరివిగా వాడితే, తెల్లదోమ విషయంలో ఎదురుదెబ్బ తగిలే అవకాశాన్ని ముందే పరీక్షించుకోవాలి. నల్ల తామర పురుగు సంగతి ఇంకో తీరు. అది పూవు లోపల దాగి ఉంటుంది. గాలిలో తిరిగే సంకేతం మీద ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవడం సరికాదు. నీలి రంగు జిగురు అట్టలు, పూత దశలో చేసే నిఘా, తామర పురుగును తినే చిన్న నల్లులను కాపాడుకోవడం, ఇవన్నీ ఉన్నప్పుడు వాసన వాటికి తోడవుతుంది.

పిలిస్తే వచ్చేవాళ్లు ఉండాలి

టమాట పొలంలో జాస్మోనిక్ ఆమ్లం చల్లితే లద్దె పురుగుల మీద పరాన్న కందిరీగల దాడి రెట్టింపయిందని 1999లో తేలింది. యూటా ఎడారిలో అడవి పొగాకు మీద మొక్క వాసనతో పురుగు గుడ్లు పెట్టడం తగ్గి, వేటాడే పురుగులు పెరిగి, మొత్తంగా పురుగు సంఖ్య 90 శాతానికి పైగా తగ్గవచ్చని 2001లో అంచనా వేశారు. ఈ అంకెలు ఉత్సాహమిస్తాయి. కానీ ఆ ఎడారిలో మందు కొట్టేవాళ్లు లేరు.

నర్సంపేట, పరకాల వైపు మిర్చి, పత్తి చేలల్లో పంటకాలం పొడుగునా వారం పది రోజులకోసారి మందు పడుతుంది. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, ట్రైకోగ్రామాలు, సాలీళ్లు రసం పీల్చే పురుగుల కంటే ముందే చస్తాయి. చంపిన తర్వాత వాసనతో పిలిస్తే ఎవరొస్తారు? గట్టు మీద మిగిలిన కొద్దిపాటివి వచ్చినా, వచ్చేది మందు పడిన ఆకుల మీదికే. అంతకంటే చేటు ఏముంది? పిలుపునిచ్చి చంపడం కంటే పిలవకపోవడమే మేలు.

పిలిచి తిండి పెట్టకపోయినా నిలవవు. పరాన్న కందిరీగ పెద్దయ్యాక బతికేది తేనె మీద. ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగాల్లో వాసన ఎరతో పాటు పూల మొక్కలు కూడా పెట్టిన చోట ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. ఇక్కడ అందుకు కొత్త మొక్కలు వెతకనక్కర లేదు. గట్టు మీద ధనియాలు చల్లి పూతకు వదిలితే ఆ చిన్న పూలకు కందిరీగలు వస్తాయి. ఆముదం ఆకు తొడిమ దగ్గర తేనె గ్రంథులుంటాయి, లద్దె పురుగుకు అది ఎర పంట కూడా. పత్తి చుట్టూ జొన్న సాళ్లు, మధ్యలో కంది, బంతి వేయమని వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతోంది. జనగామ జిల్లా ఏనబావిలో 2000ల దశకంలోనే ఊరు ఊరంతా రసాయన మందులు మానేసింది. వాసన సంకేతాల పరీక్షలు ఉత్తర తెలంగాణలో మొదలుపెట్టాల్సింది అలాంటి ఊళ్లలోనే, ఎందుకంటే అక్కడ పిలుపు అందుకునేవి బతికి ఉన్నాయి.

నిరంతరం పిలవడం కూడా పనిచేయదు. రోథామ్‌స్టెడ్ వాళ్లు పేనుబంక ఆపదలో వదిలే ఫార్నెసీన్ అనే వాసనను తానే వెలువరించే గోధుమను జన్యు మార్పిడితో తయారుచేశారు. ప్రయోగశాలలో అద్భుతంగా పనిచేసింది. 2012, 2013 పొలం పరీక్షల్లో పేనుబంక తగ్గలేదు, కందిరీగలు పెరగలేదు. నిజమైన పురుగు ఆపదలో మాత్రమే కొద్దిసేపు వదిలే వాసనను పైరు రాత్రీ పగలూ వదులుతుంటే దానికి అర్థం పోతుంది. ఈ ఫలితాన్ని దాచకుండా 2015లో ప్రచురించినందుకు ఆ శాస్త్రవేత్తలను మెచ్చుకోవాలి. సంకేతాన్ని ఎప్పుడు, ఎంతసేపు ఇవ్వాలన్నది ఎంత ముఖ్యమో అందరికీ తెలిసొచ్చింది.

దుకాణానికి వచ్చేలోపు

పత్తి విత్తనం ఎంచుకునే తీరు మీద మానవ శాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ జిల్లా ఊళ్లలోనే ఏళ్లపాటు పరిశోధించారు. 2007లో ఆయన రాసిన దాని సారం ఇది: విత్తనాల పేర్లు ఏటా మారిపోతుంటే, ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియకపోతే, రైతు తన చేను చూసి నేర్చుకునే దారి మూసుకుపోతుంది. పక్కవాళ్లు ఏది కొంటే అది కొనడం మిగులుతుంది. వాసన ఉత్పత్తులకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. వాటివల్ల చచ్చిపడిన పురుగు కనిపించదు. రాని పురుగును ఎవరు లెక్కపెడతారు? వానలు పడి పురుగు తగ్గినా ఉత్పత్తికే పేరు వస్తుంది.

కాబట్టి ఎవరైనా అలాంటి డబ్బా తెచ్చి చూపితే, చేనులో ఒక చెక్కను వాడకుండా వదిలి పోల్చి చూడటం తప్పనిసరి. వదిలిన చెక్క పక్క సాలులో ఉండకూడదు, వాసన అటూ పోతుంది. గాలికి ఎదురు వైపు, వీలైనంత దూరంగా, అదే విత్తనం, అదే ఎరువు, అదే తేదీన వేసిన చోట ఉండాలి. వారానికోసారి రెండు చోట్లా ఇరవై మొక్కలేసి చూసి పురుగును, మిత్ర పురుగును, పురుగు తిన్న ఆకును విడివిడిగా రాసుకోవాలి. రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) సాయంతో నాలుగైదు చేలు కలిసి చేస్తే ఒక చేను అదృష్టం లెక్కను చెడగొట్టదు.

చట్టం వైపు కూడా ఒక సందు ఉంది. పురుగును తగ్గిస్తుందని చెప్పి అమ్మే ఏ పదార్థమైనా 1968 పురుగుమందుల చట్టం కింద నమోదు కావాలి. పైరు ఎదుగుదలకు ఊతమిచ్చే జీవ ఉత్ప్రేరకాలు 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. "పైరులో రక్షణ శక్తిని పెంచుతుంది" అన్న మాట ఈ రెండింటి మధ్య నిలబడుతుంది. డబ్బా మీద ఒక మాట, దుకాణంలో నోటితో ఇంకో మాట చెప్పి అమ్మడానికి అది దారి తీస్తుంది. నమోదు సంఖ్య లేకుండా, లోపల ఏముందో రాయకుండా, బిల్లు ఇవ్వకుండా అమ్మేది ఎంత కొత్త శాస్త్రమని చెప్పినా కొనకూడదు.

ఈ పదార్థాల ధర, ఆవిరయ్యే వేగం కూడా అడ్డంకులే. పగటి వేడికి హెక్సెనాల్ వంటివి బహిరంగ చేనులో ఎంతోసేపు నిలవవు. నెమ్మదిగా వదిలే సంచులు, గొట్టాలు కావాలి. మామిడి తోటల్లో పండు ఈగకు వాడే మిథైల్ యూజినాల్ ఎరలు జగిత్యాల రైతులకు పరిచయమే. అదీ మొక్కల నుంచి వచ్చిన వాసనే. కానీ ఆ పని సులువు: మగ ఈగను ఒక డబ్బాలోకి లాగితే చాలు. ఎకరం పైరంతటినీ సరైన రోజున, సరైన మోతాదులో సన్నద్ధం చేయడం దానికంటే ఎన్నో రెట్లు కష్టం.

వాసన నిలిచే చోటు ఒకటి మాత్రం మిర్చి రైతు దగ్గర ఇప్పటికే ఉంది. అది షేడ్‌నెట్ కింద ట్రేలలో నారు పెంచే నర్సరీ. అక్కడ లక్షల మొక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, గాలి తక్కువ, ఖర్చయ్యే పదార్థమూ తక్కువ. టమాట విత్తనాన్ని జాస్మోనిక్ ఆమ్లంలో నానబెడితే ఆ మొక్కలకు పురుగును తట్టుకునే శక్తి వారాల తర్వాత కూడా నిలిచిందని 2012లో తేలింది కాబట్టి, నారు దశలో ఇచ్చిన సన్నద్ధత తోటలో నాటాక ఎన్నాళ్లు ఉంటుందన్నది వరంగల్‌లోనే పరీక్షించదగ్గ ప్రశ్న. ఒకే నర్సరీలో ఒకే విత్తనాన్ని రెండు విడి గదుల్లో పెంచాలి. ఒక గదిలో పచ్చి వాసన ద్రవ్యం, రెండో గదిలో ఏమీ లేకుండా. నాటిన తర్వాత మొదటి నలభై రోజులు తెల్లదోమను, తామర పురుగును, బొబ్బర పట్టిన మొక్కలను, వాటితో పాటు మొక్క ఎత్తును, మొదటి పూత వచ్చిన తేదీని రాయాలి. తెల్లదోమ తగ్గకపోయినా, పూత ఆలస్యమైనా ఆ పద్ధతిని మిర్చికి పక్కనపెట్టి, మక్కలో గుడ్డు స్పందన ఉన్న రకాల వెతుకులాట మీదికి ఆ డబ్బు, ఆ మనుషులు మళ్లాలి.